వర్ట్ చల్లారని వేసవి

బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీ వచ్చిన రెండో ఏడాది మే నెలలో, మాగ్డెబర్గ్ దగ్గరి ఒక చిన్న బీరు తయారీశాలలో ఈస్ట్ ల్యాబుకు ఇన్‌చార్జిగా చేరాను. నా కింద ఒక్కరే టెక్నీషియన్, హైదరాబాద్ టోలీచౌకీ నుంచి వచ్చిన నస్రీన్. మైక్రోబయాలజీలో మాస్టర్స్ మాగ్డెబర్గ్‌లోనే చేసింది.

మాల్టును వేడినీళ్లలో నానబెట్టి తీసే తియ్యని రసాన్ని వర్ట్ అంటారు. దాన్ని చేదునిచ్చే హాప్ పువ్వులతో మరిగించి, లోహపు పలకల మధ్య చన్నీళ్లతో చల్లార్చే ప్లేట్ కూలర్ గుండా పంపి, వెంటనే పద్దెనిమిది డిగ్రీలకు దించాకే, దాన్ని బీరుగా పులియబెట్టే ఈస్ట్ కలపాలి. వేడి మీద కలిపితే రుచి చెడుతుంది. గోరువెచ్చగా ఉండిపోతే ఈస్ట్ కంటే ముందు బాక్టీరియా పెరుగుతుంది.

జులైలో వరుసగా మూడు ట్యాంకుల బీరు పుల్లబడింది. ప్రొడక్షన్ మేనేజర్ మీటింగు పెట్టి, ఏ పరీక్షా చేయించకుండానే తప్పు ఈస్ట్‌దేనని తేల్చేశాడు. బీరు తాగని మనిషికి బీరు గురించి ఏం తెలుస్తుందని అందరి ముందూ అన్నాడు. నస్రీన్ చేతిలో అబ్‌మానుంగ్ పెట్టాడు. ఉద్యోగంలోంచి తీసేసే ముందు ఇచ్చే లిఖిత హెచ్చరిక అది. ఉద్యోగం పోతే ఆమె వీసాకే ముప్పు. పై అధికారిని నేను. ఆ గదిలో నోరు మెదపలేదు.

బయటికొచ్చాక నస్రీన్ నన్ను నిలదీసింది. “నేను బీర్ తాగకుంటే ఈస్ట్ చచ్చిపోతదా మేడమ్? థర్మామీటర్ చూడనీకి తాగాల్నా?”

తన రిజిస్టరు తెరిచి చూపించింది. కూలర్ నుంచి వచ్చే వర్ట్ జూన్ మొదట్లో పద్దెనిమిది డిగ్రీలు, నెలాఖరుకు ఇరవై రెండు, చివరి ట్యాంకుకు ఇరవై ఏడు. ప్రతిసారీ ఆమె మేనేజరుకు చెప్పింది. ఆగితే ప్లాన్ దెబ్బతింటుందని, కలిపేయమన్నది అతనే.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందు అతని మీద, తర్వాత నా మీద. ప్రతి పేజీ అడుగున సంతకం నాదే. అంకెలు చదవకుండా పెట్టిన సంతకాలు.

తర్వాతి విడత బ్రూలో ఈస్ట్ నమూనా, కూలర్‌కు ముందూ వెనకా వర్ట్ నమూనాలు తీశాం. మూడు రోజులకు ఫలితం తేలింది. ఈస్ట్ శుభ్రం. కూలర్‌లోకి వెళ్లే వర్ట్ శుభ్రం. బయటికొచ్చే వర్ట్ నిండా బాక్టీరియా. పట్టుబట్టి కూలర్ విప్పించాను. ప్లేట్ల మధ్య హాప్ మడ్డి జిగురులా పేరుకుని ఉంది. టైము కలిసొస్తుందని, కాస్టిక్ సోడాతో కూలర్ కడిగే పనిని మేనేజరే రెండు నెలలుగా ఆపించాడు. చల్లదనం తగ్గిందీ, బాక్టీరియా కాపురం పెట్టిందీ ఆ మడ్డి వల్లే.

ఫలితాలు, రిజిస్టరు, నా తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం యజమాని ముందు పెట్టాను. హెచ్చరిక రద్దయింది. మేనేజర్ మాత్రం ఆ రద్దు కాగితంలో “సాంకేతిక లోపం” అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు.

నస్రీన్ అది రెండుసార్లు చదివింది. “సారీ అనే మాట ఎక్కడుంది మేడమ్?”

ఎక్కడా లేదు. తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

వర్ట్ ఎంత చల్లారిందో చూసి రాయడం టెక్నీషియన్ పని. ఆ అంకె చదివి, హద్దు దాటితే బ్రూ ఆపించడం అధికారి పని. రెండోది చేయని వారికి మొదటిది చేసినవారిని తప్పుపట్టే హక్కు లేదు.