పెదవులతో పాడిన పాట

ఐరోపాలో ఎవరో మహానుభావుడు మూడు వందల ఏళ్ల కిందట చెమటోడ్చి కట్టిన పాటను, హైదరాబాదు పాతబస్తీలో ఒక సాయంత్రం నేను నిలువునా కూల్చేశాను. అదీ అప్పటిదాకా నోట్లోంచి ఒక్క స్వరం రాకుండానే పాడుతూ వచ్చి. మీరు నమ్మరని తెలుసు. చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

అప్పటికి నాకు ముప్పై దాటాయి గానీ బుద్ధి ఇంకా రాలేదు. కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం. కరీంనగర్ నుంచి బదిలీ అయి వచ్చి హుస్సేనీ ఆలంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రోజంతా జనం నాతో మాట్లాడేవారు, తిట్టడాన్ని కూడా మాట్లాడటం కింద లెక్కవేస్తే. గదికి వచ్చాక ఆ తిట్లు కూడా ఉండేవి కావు. ఆదివారమైతే మరీ ఘోరం. కూర వండి, బాగుందా అని నన్ను నేనే అడిగి, బాగాలేదని నేనే చెప్పి, నా మీద నేనే అలిగేవాణ్ణి. గల్లీ చివర చాయ్ హోటల్ నడిపే కరీం భాయ్‌తో రెండు ముక్కలు మాట్లాడటానికని అక్కర్లేని చాయ్‌లన్నీ తాగేవాణ్ణి. ఒంటరితనం అంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగి ఉంటే గంటసేపు చెప్పేవాణ్ణి. అడిగేవాళ్లే లేరు, అదే గదా గొడవ.

అలాంటి రోజుల్లో ఒక చర్చి హాలు గోడ మీద కాగితం కనిపించింది. బరోక్ సంగీతం ఉచితంగా నేర్పుతారట. ఏ మతం వాళ్లైనా, ఏ వయసు వాళ్లైనా రావచ్చునట. కింద పెద్ద అక్షరాలతో, ‘బేస్ గొంతులు అత్యవసరం’ అని రాసి ఉంది. బరోక్ అంటే ఐరోపా వాళ్ల పాతకాలపు సంగీతమనీ, బేస్ అంటే మగవాళ్లలో అన్నిటికన్నా కింది స్థాయి గొంతనీ నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నన్ను లోపలికి లాగింది ‘అత్యవసరం’ అన్న మాటే. కరెంటు పోయినప్పుడు తప్ప నేను ఎవరికీ అత్యవసరం కాలేదు మరి.

లోపల గ్రేస్ మేడమ్ ఉన్నారు. బడిలో సంగీతం టీచరు, ఈ బృందానికి సర్వాధికారి.

"ఒకసారి ఆ అను," అన్నారు.

"ఆ..." అన్నాను.

"మస్తున్నది గొంతు! నొటేషన్ చదువొస్తదా?"

"వస్తది మేడమ్."

ఏమొస్తుంది నా మొహం! ఆవిడ చూపిన స్వరాల కాగితం మీద చూస్తే ఐదు తీగల మీద పిచ్చుకలు వాలినట్టుంది. తీగల సంగతి నాకు తెలుసు, ఉద్యోగమే అది. పిచ్చుకల సంగతే తెలియదు. కానీ రాదంటే పంపించేస్తారేమో, మళ్లీ ఆ గది, ఆ కూర, ఆ అలక. అందుకని తల ఊపి బేస్‌ల వరసలో కూర్చున్నాను.

బేస్‌లు నాతో కలిపి ముగ్గురం. నాకు కుడివైపు కిషన్ సేఠ్, ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. ఎడమవైపు జల్‌పల్లి నుంచి వచ్చే యాదగిరి అన్న, బస్సు డిపోలో మెకానిక్. మా వెనక ఒకమ్మాయి చెల్లో వాయించేది. చెల్లో అంటే పెద్ద వయొలిన్ అనుకోండి, కుర్చీలో కూర్చుని కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. ఆ సంగీతంలో ఒక పద్ధతి ఉంది. బేస్‌లు ఏది పాడతారో చెల్లో అదే వాయిస్తుంది. నా పాలిటి దేవుడు ఆ పద్ధతే.

గ్రేస్ మేడమ్ మొదటి రోజే ఒక సూత్రం చెప్పారు. "పక్కోని గొంతు నీకు వినవడాలె. వినవడ్తలేదంటే నువ్వు ఎక్కువ గట్టిగ పాడుతున్నవన్నట్టు. జర తగ్గియ్యాలె."

నేను పెదవులు మాత్రం ఆడిస్తూ చెవులు రిక్కించాను. పక్కవాళ్లు వినబడలేదు. ఎంత మెత్తగా పాడుతున్నారో మహానుభావులు, చెల్లోలో చక్కెరలా కరిగిపోయారు అనుకున్నాను. ఆ వారం అలా గడిచింది, మరుసటి వారమూ గడిచింది, చూస్తుండగానే నెలలు గడిచాయి. ఆదివారం సాయంత్రం నలుగురి మధ్య కూర్చోవడం, విరామంలో ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ సేఠ్ చెప్పే మార్కెట్ ముచ్చట్లు వినడం, యాదగిరి అన్న "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అని అడగడం. ఆ ఒక్క ప్రశ్న కోసం వారమంతా బతికేవాణ్ణి. పెదవులు ఆడిస్తే పోయేదేముంది?

మేడమ్ మురిసిపోయేవారు. "బేస్‌లను చూసి నేర్చుకోండ్రి! చెల్లోతోని ఎట్ల కలిసిపోయిండ్రో! మనిషేదో వాద్యమేదో తెలుస్తనే లేదు."

నా గొంతు ఎలా తెలుస్తుంది తల్లీ, పాడితే గదా!

ఇక ప్రదర్శన రోజు వచ్చింది. హాలు నిండిపోయింది. అందరికీ చుట్టాలు వచ్చారు. నా తరఫున కరీం భాయ్ ఒక్కడే, ఇస్త్రీ షేర్వాణీలో మూడో వరసలో కూర్చున్నాడు. మేడమ్ మైకు అందుకున్నారు.

"ఇప్పుడు పాడబొయ్యే పాట ఒక గుంపు మొదలు వెడ్తే తక్కినోళ్లు ఒకరెనుక ఒకరు అందుకుంటరు. మొదలువెట్టేది మా బేస్‌లు. వీళ్లు ఎంత గొప్పగ పాడ్తరో మీకు తెల్వాలని ఇయ్యాల చెల్లోను ఆపుతున్న. ఉత్త గొంతులే."

నా కాళ్ల కింద కరెంటు పోయింది. ఫిర్యాదు చెయ్యడానికి ఫోను కూడా లేదు. సరేలే, పక్కన ఇద్దరు ఉద్దండులు ఉన్నారు గదా అని ధైర్యం తెచ్చుకున్నాను. మేడమ్ చెయ్యి ఎత్తి దించారు. మూడు నోళ్లు గుండ్రంగా, అందంగా, ఒకేసారి తెరుచుకున్నాయి.

సూది పడితే వినబడేంత నిశ్శబ్దం.

మేడమ్ మళ్లీ చెయ్యి దించారు. మళ్లీ మూడు నోళ్లు.

"అన్నా, పాడు!" అన్నాను యాదగిరి అన్నతో, పళ్ల సందుల్లోంచి.

"నేనేడ పాడిన? నిన్ను జూసి పెదవులాడిస్తున్న, అంతే. నువ్వు పాడు!"

"సేఠ్‌జీ, మీరన్నా అందుకోండ్రి!"

"అరే భాయ్, మై తో ఆజ్ తక్ నహీఁ గాయా! ఒక్కనాడు గూడ పాడలే! మీరిద్దరు మస్తు పాడుతుండ్రనుకున్న!"

మూడో వరసలోంచి కరీం భాయ్ గొంతు హాలంతా వినబడింది. "భాయ్, గానా కబ్ షురూ హోతా?"

పాట ఎప్పుడు మొదలవుతుందట! ఆ మాటతో నాలో ఏదో తెగింది. గుండెనిండా గాలి పీల్చి పాడేశాను. ఏం పాడాను? ఆ గాభరాలో నోటికి వచ్చిన ఒకే ఒక్క వరస, మా ముందు వరసలో ఆడవాళ్లు పాడే పైస్థాయి వరస. దున్నపోతు గొంతుతో ఆడవాళ్ల పాట! తమ వంతు వచ్చేసిందనుకుని ఆడవాళ్లు కంగారుగా అందుకున్నారు. వాళ్లను చూసి వయొలిన్లు పరుగెత్తాయి. చెల్లో అమ్మాయి ఏడుపు మొహంతో పాట మధ్యలో ఎక్కడో దూరింది. ఒకరెనుక ఒకరు రావలసిన వాళ్లంతా ఇమ్లీబన్ బస్టాండులో పండగ రద్దీలా ఒకరి మీద ఒకరు పడ్డారు. పాట ఒక్కసారిగా ఆగలేదు, ముక్కలు ముక్కలుగా చచ్చిపోయింది. చివరగా ఆగింది నేనే.

జనం వెళ్లిపోయాక మేడమ్ మా ముగ్గుర్నీ వరసగా నిలబెట్టారు.

"ఎప్పటిసంది గిట్ల జేస్తుండ్రు?"

"షురూ నుంచే," అన్నాడు సేఠ్.

"పాడరానోళ్లు మరెందుకొచ్చిండ్రు?"

సేఠ్ తల దించుకున్నాడు. "దుకాన్ల దినమంత మాట్లాడుత మేడమ్. అంత రేటు ముచ్చటే. నువ్వెట్లున్నవ్ అని అడిగేటోడు లేడు."

"మా ఇంటామెకు ఐతారం ఆస్పత్రిల డ్యూటీ," అన్నాడు యాదగిరి అన్న. "ఒక్కన్నే గోడలు చూసుకుంట కూసోవాలె."

"నాకు గోడలు తప్ప ఎవరూ లేరు మేడమ్," అన్నాను. మేడమ్ పొమ్మంటారు, ఈ ఇద్దర్నీ ఇక చూడను, అదే ఆలోచన.

మేడమ్ మా ముగ్గురి వంక వేలు చూపించారు. "మీకు శిక్ష వెయ్యాలె. ముగ్గురు రేపటిసంది రోజు సాయంత్రం రావాలె. పిల్లల లెక్క ఒక్కొక్క స్వరం నేర్పిస్త. ఒక్కరోజు గూడ నాగా వెట్టొద్దు."

ముగ్గురం ఘోరమైన శిక్ష పడినట్టు మొహాలు వేలాడేశాం. గేటు దాటాక యాదగిరి అన్న నన్ను వాటేసుకుని ఎగిరిన ఎగురు మాత్రం మేడమ్‌కు తెలియదు.

నేర్చుకున్నాం. పిచ్చుకలు ఒక్కొక్కటే నాకు పేర్లు చెప్పాయి. ఒకరోజు మేడమ్ అన్నారు, "ఇగ నువ్వు మంచిగనే పాడుతున్నవు. రోజు రావాల్సిన పనిలేదు." ఆ మాట విని గదికి వెళ్లి, కూర కూడా వండకుండా కూర్చున్నాను.

మర్నాడు వెళ్లి, బాగా వచ్చిన వరసలోనే ఒక స్వరం కావాలని తప్పు పాడాను. మేడమ్ కళ్లజోడు సర్దుకుని నవ్వు ఆపుకున్నారు.

"ఇంకా కాలేదు నీకు. రేపు గూడ రా. నాకు మాత్రం ఇంటికి పొయ్యి చేసే పనేమున్నది?"

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ గుంపులో నిలబడినా పెదవులు ఊరికే ఆడించను, నోరు తెరిచానంటే గొంతు వినబడాల్సిందే. తప్పు పాడనని మాత్రం ప్రమాణం చెయ్యలేను. మళ్లీ రమ్మని పిలిచేవాళ్లు ఉండాలి గదా!