కిటికీల వైపు తిరిగిన స్టేజీ

మా వీధి చివర ఉన్న సంగీత మందిరంలో ఈ రోజు సాయంత్రం మొదటిసారి అడుగు పెట్టాను. నరసరావుపేటలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, దాని ముందు నుంచి నడిచిపోవడమే తప్ప లోపలికి వెళ్ళింది లేదు. ఎదురింటి మేరీ పిన్ని మనవరాలు కచేరీలో పాడుతోందంటే పిన్నితో కలిసి వెళ్ళాను.

అక్కడ స్టేజీ గుమ్మానికి ఎదురుగా కాకుండా, పక్క గోడ కిటికీల వైపు తిరిగి ఉంది.

"ఇదేంది పిన్నీ, స్టేజీ ఇట్టా కట్టారు?" అన్నాను నవ్వుతూ.

పిన్ని నవ్వలేదు.

"నా చిన్నప్పుడు అంటరానోళ్ళమని మా పేట వాళ్ళని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదమ్మా. మా అమ్మా నేనూ ఆ కిటికీ బయట నిలబడి వినేవాళ్ళం. ఒకరోజు చానా వానొచ్చినా మేం కదల్లా. పాడే పంతులుగారు మమ్మల్ని చూసి, చాప కిటికీ వైపు తిప్పుకొని కూర్చున్నారు. పెద్దోళ్ళు కొంతమంది లేచిపోయారు. ఆయన పాట ఆపలా. ఇక ఎప్పుడు పాడినా అట్టానే కూర్చునేవారు. తర్వాత స్టేజీ కూడా అట్టానే కట్టారు."

"మరి మిమ్మల్ని లోపలికి పిలవలేదా?"

"పిలిచే ధైర్యం ఆయనకీ లేదు, వచ్చే ధైర్యం మాకూ లేదు."

కచేరీ అయిపోగానే మనవరాలు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"బాగా వినపడిందా నానమ్మా?"

"ముందు వరసలో కూర్చున్నాగా, ఎందుకు వినపడదే!" అంది పిన్ని, హాలంతా తిరిగి చూసేంత గట్టిగా.

ఆ పంతులుగారు చేసింది చిన్న పనా, పెద్ద పనా? ఇంటికొచ్చి ఇంతసేపైనా నాకు తేలలేదు. మీకేమనిపిస్తోంది?