కోయకుండా వదిలిన కాలీఫ్లవర్

నా చిన్నప్పుడు నేను ఎవరి బిడ్డనో నాకే అనుమానంగా ఉండేది. మా ఇంట్లో అందరూ పొడుగు, ఎరుపు. నేను పొట్టి, నలుపు, పైగా రింగుల జుట్టు. "నిన్ను ఆడికృత్తిక తిరనాళ్ళకు పోయినప్పుడు తిరుత్తణి కొండకాడ తవుడు పోసి కొనుక్కొచ్చినాము" అని మా అత్త ఏడిపించేది. పెద్దవాళ్ళకు అదొక వేళాకోళం. నేను మాత్రం నిజమేననుకుని, అద్దం ముందు మా అన్న ముక్కుతో నా ముక్కును పోల్చుకునేదాన్ని. అడిగితే అవునంటారేమోనని భయం, అందుకే ఎవరినీ అడగలేదు.

ఒక చలికాలం మా అవ్వ తోటలో మొదటిసారి కాలీఫ్లవర్ వేసింది, పక్క మడిలో కోసు, అంటే క్యాబేజీ. నారుగా ఉన్నప్పుడు ఏది ఏదో అవ్వకే తెలియక రెండూ కలిసిపోయాయి. పెరిగాక కోసు తన ఆకుల్ని తనే చుట్టుకుంది, కాలీఫ్లవర్ ఆకుల నడుమ తెల్లటి గడ్డ పెట్టింది. ఎండకు ఆ తెలుపు పోకుండా ఆకుల్ని పైకి మడిచి నారతో కట్టేది అవ్వ. అన్నీ కోసి సంతకు పంపింది గానీ, ఒక్కదాన్ని కట్టు విప్పి వదిలేసింది. కొన్నాళ్ళకు ఆ గడ్డ వదులై, కొమ్మలుగా విడిపోసాగింది. పాపం, కుళ్ళిపోతోందనుకున్నాను.

ఒక పొద్దున అవ్వ పిలిస్తే వెళ్ళి, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నా నడుమెత్తు మొక్క, ఒళ్ళంతా పసుపుపచ్చ పూలు, చుట్టూ తేనెటీగలు. మనం కూరకని తరుక్కునే ఆ గడ్డంతా విచ్చుకోని మొగ్గలేనట! అన్ని పూలు అందులో ఎలా ఇమిడాయో నాకు ఊహకందలేదు.

అవ్వ దాని పువ్వొకటి తుంచింది. గట్టు మీది ఆవాల పువ్వు, విత్తనానికి వదిలిన ముల్లంగి పువ్వు కూడా తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ముల్లంగిది తెలుపు, తక్కినవి పసుపు. కానీ అన్నిటికీ నాలుగేసి రేకులు, ఒకే తీరుగా ఎదురెదురుగా ఉన్నాయి.

"ముల్లంగి వేరులో ఊరింది, కోసు ఆకులో ఊరింది, ఇది మొగ్గలో ఊరింది. చూస్తే ఒగదానికొగటి ఏమీ కానట్టే ఉండాయి. అంతా ఒగ వంశమే పాపా" అంది అవ్వ. ఆ పూలమీదుగా నా వేళ్ళు మూసి, "మీ అత్త మాట ఎట్ల నమ్మినావే? నువ్వు పుట్టినప్పుడు నీకు మొదట నీళ్ళు పోసింది ఈ చేతులే గదా!" అంది.

నేను భోరున ఏడ్చేశాను. ఎవరికీ చెప్పని నా భయం అవ్వకెలా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. మా చిన్న మనవరాలిని చూసి, దీనికి ఎవరి పోలికా రాలేదే అని చుట్టాలు అంటుంటారు. "ఆగండి, బిడ్డ ఇంకా పూయలేదు గదా" అంటాను. వాళ్ళు నవ్వేస్తారు. అది మాత్రం వచ్చి నా ఒళ్ళో కూర్చుంటుంది.