పదిన్నర వాయిదాకు ఏడింటి ప్లీడరు

ఆ ప్లీడరుగారికి ఉన్నది ఒక్కటే జబ్బు: ఆలస్యమవుతుందన్న భయం. పదిన్నర వాయిదాకు ఏడింటికే కోర్టు గేటు దగ్గర ఉండేవారు. రైలెక్కవలసి వస్తే దాని ముందు రైలును కూడా సాగనంపేవారు. ఒకసారి ఎవరి పెళ్లికో మరీ ముందుగా వెళ్లి, కుర్చీలు దించే కూలీలకు సాయం పట్టి, తీరా విందువేళకు నడుము పట్టేసి ఇంటికి వచ్చేశారు. తొందర, ఆత్రం, ఆందోళన ఒకే అర్థమిచ్చే మాటలని పిల్లలకు బోధించేవారు ఆయనను చూసి ఉండరు. తొందర కాళ్లలో ఉంటుంది, ఆత్రం చేతుల్లో ఉంటుంది, ఆందోళన కడుపులో ఉంటుంది. ఆయనకు మూడు చోట్లా నిండుగానే ఉండేవి. సరే, కథలోకి వద్దాం.

ఆయన దగ్గర చేరిన జూనియరమ్మాయిది వేరే దిగులు. పరాయి మతమనో పరాయి భాష అనో ద్వేషంతో ఎవరినో కొట్టారన్న కేసులు తక్కిన ప్లీడర్లు ముట్టుకునేవారు కాదు. అవన్నీ వచ్చి ఈయన బల్ల మీదే వాలేవి. "ఎలాంటివాళ్ల తరఫున నిలబడుతున్నావే నువ్వు?" అని వాళ్లమ్మ రోజూ పొద్దున్నే అడిగేది. ఆ పిల్ల చెప్పులు తొడుక్కుని కోర్టుకు బయల్దేరేది.

ఈసారి వచ్చినవాడు ఒక బస్సు డ్రైవరు. వేరే భాష మాట్లాడే ముసలావిడను "మీ జాతే అంత, దిగు" అని తిట్టి, మెట్ల మీది నుంచి తోసేశాడని అభియోగం. ఆవిడ తుంటి ఎముక విరిగింది. తోశాడని తేలితే ఏడేళ్ల జైలు.

"తిట్టావా?" అని అడిగారు ప్లీడరుగారు.

"తిట్టాను సార్."

"తోశావా?"

"లేద్సార్, ఒట్టు! ఆవిడే కంగారుగా దిగబోయి జారింది."

"సరే. నోరు నీదేనని ఒప్పుకుందాం. చెయ్యి సంగతి ఆవిడనే అడుగుదాం. వాయిదా పదిన్నరకి. నువ్వూ మీవాళ్లూ ఏడింటికల్లా రండి."

"ఏడింటికా! అప్పటికి ఊడ్చేవాళ్లు కూడా రారు కద సార్?"

"చీపురు నేను తెస్తాలే. నువ్వు రా."

వాయిదా రోజున అమ్మాయి కేసు కాగితాలు మళ్లీ మళ్లీ తిరగేసింది. ఆనాడు బస్సులో మరెవరూ లేరు. నిజం చెప్పగలిగింది ముసలావిడ ఒక్కతే. పోలీసు కాగితంలో తోశాడనే ఉంది. బెదిరిన సాక్షి కాగితంలో ఉన్నదే అప్పజెబుతుంది.

డ్రైవరు పదకొండు మంది చుట్టాలతో దిగాడు. అందరినీ ప్లీడరుగారు కోర్టు క్యాంటీనులో కూర్చోబెట్టి టీలు తాగించసాగారు. పది కావస్తుండగా డ్రైవరు బావమరిది లేచాడు.

"మేం పైకెళ్లి వరండాలో నిలబడతాం సార్. ఆ ముసల్ది మా మొహాలు చూడాలిగా!"

ప్లీడరుగారి ముఖం పాలిపోయింది. "వద్దు నాయనా, మెట్లు తడిగా ఉన్నాయి."

"ఇంత ఎండలోనా?"

"అందుకే కడిగుంటారు. ఇంకో టీ తాగు."

"ఐదోది సార్! కడుపు చెరువైంది."

"అయితే బిస్కెట్టు తిను, పీల్చేస్తుంది."

అంటూనే పిల్లల కోడిలా రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఆ దృశ్యం చూడలేక అమ్మాయి ఆయన చెయ్యి కిందుగా దూరి పైకి వెళ్లింది.

ముసలావిడ చేతికర్రతో, కూతురి భుజం పట్టుకుని వరండా మలుపు దాకా వచ్చి ఆగింది. సందులో కుక్క ఉందేమోనన్నట్టు తల మాత్రమే ముందుకు పెట్టి చూసింది. ఎవరూ లేరు. నిట్టూర్చి, భుజం వదిలి, తానే నడిచి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

పక్కన ఫైళ్లు సర్దుతున్న బంట్రోతు నవ్వాడు. "మీ సార్ వాయిదా అంటే వరండా ఇలాగే ఖాళీగా ఉంటదమ్మా. ఇరవై ఏళ్లుగా చూస్తన్నా. అవతలివాళ్లు లోపలికి పోయేదాకా తన మందని కదలనివ్వడు."

కోర్టులో ప్లీడరుగారు లేచి నిలబడ్డారు. ఒక్కటే ప్రశ్న వేశారు. "అమ్మా, ఆ రోజు ఇతని చెయ్యి మీకు తగిలిందా?"

ఆవిడ డ్రైవరు వైపు తిరిగింది.

"చెయ్యి తగల్లేదయ్యా," అంది ఆవిడ వచ్చీరాని మాటల్లో. "మాటే తగిలింది. దానికే కాలు తడబడింది."

డ్రైవరు తల వంచుకున్నాడు. తోసిన నేరం కొట్టేసి, తిట్టిన నేరానికి శిక్ష ఏమిటో వచ్చే వారం పదిన్నరకు చెబుతామన్నారు జడ్జిగారు.

బయటికి రాగానే అమ్మాయి అడిగింది. "ఏడింటికి రమ్మనేది ఆవిడ కోసమేనా సార్?"

"ఎవరు చెప్పారు? నాకు ఆలస్యమంటే భయం, అంతే!" అన్నారాయన, చెవులు ఎర్రబడుతుండగా.

ఇంతలో డ్రైవరు వచ్చాడు. "సార్, వచ్చే వారం మావాళ్లెవరూ వద్దు. నేనొక్కణ్ణే ఆరింటికి వచ్చేసి లోపల కూర్చుంటా. ఆవిడకి ఎదురు పడకూడదు నేను."

ప్లీడరుగారి ముఖంలో కొత్త ఆందోళన పొడసూపింది.

"ఆరింటికా! నీ వెనకాల వస్తే నా పరువేం గానూ?"