అక్షరాల మీద అక్షింతలు

అక్షరం మీటలోనే ఉంటుందని నేను నమ్మాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు సగం బరువు తగ్గుతుంది. కీబోర్డు మీద ‘ఏ’ అని రాసి ఉన్న మీటను ఊడదీసి ఎక్కడ తగిలించినా, అక్కడ ‘ఏ’యే పడుతుందనుకున్నాను. మన ఇంటి నేమ్‌బోర్డు పీకి పక్కింటికి కొడితే మన సామానంతా దానంతటదే అటు నడిచి వెళుతుందనుకోవడం లాంటిదిది. ఇలాంటివాణ్ణి నాచారంలో ఒక హైస్కూలు వాళ్ళు తెలుగు పండితుడిగా పెట్టుకుని, పిల్లలకు అక్షరాలు నేర్పమని జీతం కూడా ఇచ్చేవారు.

ల్యాప్‌టాప్ నాది కాదు, మా బావమరిదిది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలంగాణ ఇంకా రాని రోజులవి, మెట్రో ఇంకా పట్టాలెక్కని రోజులు. మేముండే ఉప్పల్ నుంచి మాదాపూర్ వెళ్ళి రావడమంటే ఒక చిన్న తీర్థయాత్ర. అందుకని మా ఇంటికి అరుదుగా వచ్చేవాడు. ఆ ఏడు దసరాకు ఊరెళ్తూ, ప్రత్యేకంగా వచ్చి తన సొంత ల్యాప్‌టాప్ వాళ్ళక్క చేతిలో పెట్టి వెళ్ళాడు. కారణం ఉంది.

ఏఎస్ రావు నగర్‌లో ఒక స్కానింగు సెంటరు వాళ్ళకు రిపోర్టులు కొట్టే మనిషి కావాలట. డాక్టరు చెబుతూ ఉంటే ఆగకుండా కొట్టాలి. సెలవులయ్యాక సోమవారం నాడు పరీక్ష. మా ఆవిడ పెళ్ళికి ముందు కాకినాడలో టైపు హయ్యరు పాసయింది. నాతో ఈ ఊరొచ్చాక ఆ వేళ్ళు బియ్యం ఏరడానికీ, నా చొక్కాలకు గుండీలు కుట్టడానికీ తప్ప పనికి రాలేదు. “ఈ ఉద్యోగం వస్తే బాగుండునండీ,” అని ఒక్కసారే అంది. ఆవిడ రెండేసిసార్లు అడిగేవన్నీ లేకపోయినా గడిచిపోయేవి. ఒక్కసారి అని ఊరుకుందంటే అది నిజంగా కావాలన్నమాట.

ఆవిడ సాధన చూడ ముచ్చటగా ఉండేది. ఇంగ్లీషు పేపరును చెంబుకు ఆనించి నిలబెట్టేది. చూపంతా పేపరు మీదే. వేళ్ళు మాత్రం కింద వాటి పని అవి చేసుకుపోయేవి. ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు మీటల మీద అట్టముక్క కప్పి కొట్టించేవారట. వంగి తొంగి చూస్తే వేళ్ళ మీద స్కేలు పడేదట. ఆ భయం ఇప్పటికీ పోలేదు. మీటల వంక చూడాలంటే ఆవిడకు పరాయివాళ్ళ ఇంట్లోకి తొంగి చూసినట్టుంటుంది.

ఇక దసరా. మా ఇంటి ఓనరు కింద వాటాలో ఉండేవాడు. జనగామ వైపు మనిషి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న లేతు షెడ్డు నడిపేవాడు. ఆయుధపూజ అంటే ఆయనకు ప్రాణం. పొద్దున్నే షెడ్డులో పూజ ముగించుకొని వచ్చి, ఇంటి ముందు స్కూటరు, డ్రిల్లింగు మిషను, వాళ్ళావిడ మిక్సీ, కుట్టుమిషను వరసగా పెట్టించి, మెట్ల కింద నుంచి నన్ను పిలిచాడు.

“సారూ! చెల్లె దినాం ఆ కంప్యూటర్ మీదనే గదా పని జేస్తున్నది. దాన్ని ఇడిసిపెడితె ఎట్ల? పట్టుకరా కిందికి.”

“అది కరెంటు వస్తువు అన్నా...”

“మిక్సీ ఏమన్న కట్టెల పొయ్యి మీద నడుస్తదా? తే సారూ, ఫికర్ జెయ్యకు.”

తెచ్చాను. మూసి పెడితే సరిపోయేది. కానీ పండితుణ్ణి కదా, మూసిన పుస్తకానికి పూజేమిటని విప్పి మరీ పెట్టాను. ఓనరన్న దాని నుదుట బొట్టు పెట్టాడు. నేను నాకొచ్చిన శ్లోకం ఒకటి రాగయుక్తంగా చదివి, దోసిలి నిండా అక్షింతలు తీసి అక్షరాల మీద చల్లాను. శ్లోకంలో రెండో పాదం తప్పింది గాని, గురి మాత్రం తప్పలేదు. పసుపు పట్టిన గింజలన్నీ మీటల సందుల్లోకి దిగిపోయాయి.

మర్నాడు ఏ మీట నొక్కినా లోపల అటుకులు నమిలినట్టు కరకరమంది. మా ఆవిడ పేరంటానికి కాప్రా వెళ్ళింది. వచ్చేలోగా బాగుచేసి పెడదామని ఓనరన్నను సలహా అడిగాను. ఆయన జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీసిచ్చాడు.

“ఇప్పి దులుపు సారూ. ఇప్పినంక మల్ల పెట్టుడే గదా, గంతకంటె ఏమున్నది?”

ఏమున్నదో నాకు అరగంటలో తెలిసింది. బఠాణీలు ఒలిచినట్టు మీటలన్నీ టపటపా ఊడొచ్చాయి. గింజలు దులిపాను. మీటలను సబ్బునీళ్ళలో కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, తిరిగి పెట్టబోతూ ఆగిపోయాను. ఏది ఎక్కడుండేది? నాకు గుర్తులేదు. అప్పుడు నా బుర్రలో ఒక వెలుగు వెలిగింది. అసలు కంపెనీవాడు వీటినిలా కలగాపులగంగా ఎందుకు పెట్టాడు? ఎ, బి, సి, డి అని వరసలో పెడితే వెతుక్కునే బాధే ఉండదు కదా! పై వరస ‘ఏ’తో మొదలుపెట్టి కింది వరస ‘జడ్’తో ముగించాను. బడిలో పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టినంత తృప్తి కలిగింది.

ఆ సాయంత్రం మా ఆవిడ పేపరు నిలబెట్టుకుని గడగడా రెండు పేజీలు కొట్టేసింది. “మీటలు ఇవాళ మెత్తగా ఆడుతున్నాయండీ, ఏం చేశారు?” అంది. “ఏదో నా శక్తి కొద్దీ,” అన్నాను. ఆవిడ వేళ్ళకు చోటు తెలుసు గాని, చోటు మీద రాసిన పేరుతో పనిలేదు. కాబట్టి ఆవిడ వరకు ఏమీ మారలేదు. ఈ ముక్క నాకు అప్పుడే తట్టి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

శనివారం ఆవిడ కూరగాయల అంగడికి వెళ్ళినప్పుడు, నా పనితనం చూసి మురిసిపోదామని కూర్చుని ‘ఏ’ నొక్కాను. ‘క్యూ’ పడింది. ‘బి’ నొక్కాను. ‘డబ్ల్యు’ పడింది. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎల్లుండి పరీక్ష. కడిగి పాడుచేశానని ఖాయం చేసుకుని ఊళ్ళో ఉన్న బావమరిదికి ఫోన్ కొట్టాను. మీటలు పీకిన సంగతి మాత్రం చెప్పలేదు. అల్లుడి హోదా ఒకటి ఏడ్చింది కదా.

“ఏ కొడితే క్యూ వస్తోందిరా.”

“ఆ! అది ఫ్రెంచి బావా! ఫ్రెంచి కీబోర్డులో ఆ రెండూ తారుమారుగా ఉంటాయి. నువ్వేదో నొక్కి ఉంటావు.”

“నాకు ఫ్రెంచి రాదు కదరా.”

“నీకు రావాల్సిన పని లేదు బావా, దానికొచ్చింది చాలు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళు.”

వెళ్ళాను. అందులో చూస్తే ఇంగ్లీషే ఉంది. అతను కాసేపు ఆలోచించి, అయితే పైకి ఇంగ్లీషు చూపిస్తూ లోపల తిరగబడి ఉంటుంది, నువ్వు ఫ్రెంచి పెట్టు, తిరగబడింది మళ్ళీ తిరగబడి సరవుతుంది అన్నాడు. పెట్టాను. ‘ఏ’ నొక్కాను. ‘ఏ’యే పడింది!

“పడిందిరా!”

“చెప్పానా? అక్కడ చేయి పెట్టకు ఇంక. నీకో దండం బావా!” ఫోన్ పెట్టేసే లోపు వెనక మా అత్తగారి నవ్వు, మామగారి నవ్వు, ఇంకా నేను గుర్తుపట్టలేని రెండు మూడు నవ్వులు వినిపించాయి. ‘బి’ కూడా నొక్కి చూడాలన్న బుద్ధి అతనికీ పుట్టలేదు, నాకూ పుట్టలేదు.

ఆదివారం పొద్దున మా ఆవిడ పేపరు పక్కన పెట్టి నా పాత స్కానింగు రిపోర్టు తీసుకుంది, ఆ మాటలు అలవాటవుతాయని. నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. కాసేపటికి టకటకలు ఆగిపోయాయి. మళ్ళీ మొదలయ్యాయి, మళ్ళీ ఆగాయి. వెళ్ళి చూస్తే ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూస్తోంది. ‘నార్మల్’ అని కొట్టిన ప్రతిచోటా ‘ఎం’ బదులు కామా, ‘ఏ’ బదులు ‘క్యూ’ పడి ఉన్నాయి. నా కిడ్నీ ఒక్కటి కూడా నార్మల్‌గా లేదు.

“వేళ్ళు మర్చిపోయాయండీ,” అంది. “నిన్నటిదాకా బాగానే ఉన్నాయి. రేపు పరీక్షనేసరికి తప్పుతున్నాయి. ఎన్నిసార్లు కొట్టినా అదే తప్పు. ఇన్నేళ్ళయ్యాక నాకెందుకివన్నీ! రేపు వెళ్ళనులెండి.”

ఆ గొంతులో ఏడుపు లేదు. ఉంటే నయంగా ఉండేది. వంటింట్లోకి వెళ్ళి బియ్యం చేట ముందేసుకుంది. తప్పు నాది, ఆవిడ తన వేళ్ళను తిట్టుకుంటోంది. ఇంక ఉండలేకపోయాను.

“నీ వేళ్ళకేం కాలేదు. ఒకసారి ఇటొచ్చి ఆ మీటల వంక చూడు.”

“చూడకూడదండీ.”

“మీ మాస్టారు ఏమీ అనరు. చూడు.”

చూసింది. ఎ, బి, సి, డి అని వేలితో చదువుకుంటూ పై వరస చివరిదాకా వెళ్ళింది. కింది వరసకు వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు అయ్యాక నాకు పడవలసిన అక్షింతలు పడ్డాయి. ఇవి పసుపు లేనివి.

“సరే, ఇవి మీకు తప్పు పడాలి గాని నాకెందుకు పడుతున్నాయి? నేను చూడనే చూడను కదా?” అంది ఉన్నట్టుండి. అప్పుడు ఫోన్ సంగతి, ఫ్రెంచి సంగతి కూడా కక్కేశాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, నేను వెళ్ళిన దారినే వెనక్కి నడిచి ఫ్రెంచిని తీసేశాం. ఆవిడ పెదవి కొరుక్కుంటూ ‘నార్మల్’ అని కొట్టింది. నార్మల్ అనే పడింది. ఇంకోసారి కొట్టింది. ఆ తర్వాత పేజీ నిండా అదే మాట కొట్టుకుంటూ పోయింది, ఆపమన్నా ఆపలేదు.

సోమవారం స్కానింగు సెంటరులో డాక్టరు గబగబా చెప్పారట. చాలామంది ‘కొంచెం మెల్లగా సార్’ అంటారట. ఈవిడ అనకపోయేసరికి ఆయనే చెప్పడం ఆపి తెర చూశారట. చూసి, రేపటి నుంచి రమ్మన్నారు. వచ్చేటప్పుడు పావుకిలో మైసూరుపాకు తెచ్చి, మొదటి ముక్క ఓనరన్నకు పంపింది.

“నే జెప్పిన గదా చెల్లె, పూజ జేస్తె గట్లనే ఉంటది,” అన్నాడాయన.

ఆ వారమే బావమరిది ల్యాప్‌టాప్ తీసుకెళ్ళడానికి వచ్చాడు. అతను వచ్చేలోపు మీటలు పెట్టేశాం. ఆవిడ కళ్ళు మూసుకుని, గాలిలో వేళ్ళు ఆడిస్తూ ఇన్‌స్టిట్యూట్ పాఠం వల్లె వేస్తుంటే, నేనొక్కొక్క మీటే తగిలించాను. కానీ ఎ బి సి డి కథ అప్పటికే ఆవిడ ఫోనులో ఊరికి చేరవేసేసింది. తమ్ముడితో ఏదీ దాచదు.

అతను గుమ్మంలోనే మొదలెట్టాడు. “ఏం బావా, పెద్దక్షరాలు అయ్యాయా, చిన్నక్షరాలు దిద్దుతున్నావా? ఊళ్ళో అందరూ అడిగారు. తాతయ్య అయితే పలకా బలపం పంపమన్నాడు.”

“మరి ఫ్రెంచి వైద్యం చేసింది ఎవడ్రా?”

“మీటలు పీకావని నువ్వు చెప్తే కదా! అయినా చూసి చూసి కొట్టేవాళ్ళకే బావా ఈ కష్టాలు. మేము కీబోర్డు వంక చూస్తామా? నా మీటల మీద అక్షరాలు చెరిపేసినా నాకు తేడా తెలియదు.”

మా ఆవిడ అతన్ని భోజనానికి లేపింది. కొత్త ఉద్యోగం కబుర్లు చెబుతూ గుత్తివంకాయ వడ్డిస్తోంది. ముందు గదిలో నేనూ, బ్యాగులోంచి తొంగి చూస్తున్న ల్యాప్‌టాపూ మిగిలాం. ఓనరన్న స్క్రూడ్రైవరు ఇంకా నా దగ్గరే ఉంది. ‘ఎం’, ‘ఎన్’ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటినీ పైకి లేపి, దీని చోట దాన్ని, దాని చోట దీన్ని మెల్లగా నొక్కాను. నాకిప్పుడు పనితనం వచ్చింది, చప్పుడైనా కాలేదు.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు ఆఫీసు నుంచే ఫోన్ చేశాడు.

“బావా, ఎం కొడితే ఎన్ పడుతోంది...”

“అదేంట్రా,” అన్నాను, “నువ్వు చూసి కొడతావా?”