పెద్దమ్మ కొంగు ముడులు

ఎనభైల చివర్లో, ఊళ్లల్లోని క్రైస్తవ గుళ్లల్లో వాక్యం చెప్పేవాళ్లకు సూర్యాపేటలో మూడు నెలల శిక్షణ పెడితే, ఆమె త్రిపురారం నుంచి వచ్చింది. నాట్లేసే కూలి. మాకందరికీ పెద్దమ్మే. చదువు రాదు. పాస్టరు అయ్యగారు పాఠం చెబుతుంటే మేము నోటుబుక్కుల్లో రాసుకునేవాళ్లం. ఆమె ఒక్కో సంగతికి కొంగున ఒక్కో ముడి వేసుకునేది. మర్నాడు ఆ ముడులు విప్పుతూ పాఠమంతా అప్పజెప్పేది.

ఆఖరి రోజు అందరం ప్రసంగించాలి. పరీక్ష పెట్టడానికి కోదాడ నుంచి వచ్చిన మరో అయ్యగారు ఆమె ఉత్త చేతులు చూశారు.

“రాసుకొచ్చిన కాగితం లేకుండా కుదరదమ్మా, కూర్చోండి.”

ఆమె కూర్చోలేదు.

“మా ఊరికి అయ్యగారు నెలకొక్కసారే వస్తడు. మిగిలిన ఆదివారాలు వాక్యం చెప్పేది నేనే. గాడ నన్నెవ్వరు కాయితం అడగలే.”

మొదటి ముడి విప్పింది. బావి దగ్గర యేసును కలిసిన ఆడమనిషి కథ. నాలుగో ముడికి గొంతు పెంచింది.

“ఆమె కుండ ఆడనే ఇడిసిపెట్టి ఊళ్లెకు ఉరికింది. ఊరంతటికి చెప్పింది. ఎవ్వర్ని అడిగి చెప్పిందయ్యా?”

అయ్యగారు పెన్నుకు మూత పెట్టేశారు.

సర్టిఫికెట్ల జాబితాలో ఆమె పేరు లేదు. కాగితం చూసి గొణిగిన నా పేరుంది. ఆ జాబితా తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిర్యాలగూడ బస్సులో ఆమె పక్కన కూర్చుని నా సర్టిఫికెట్ సంచిలో దాచుకున్నాను. ఆమె కొంగుకు కొత్త ముడి వేస్తోంది.

“ట్రైనింగు అయిపాయె గద పెద్దమ్మా, ఇంకెందుకు ముడి?”

“అయ్యగారు నన్ను కూసోమన్నడు గద, గా మాటకు.” పంటితో పట్టి బిగించింది. “ఆదివారం గుళ్లె నిలబడి విప్పుత.”