ఎఫీ పెద్దమ్మ కుడికాలు

ఎఫీ మక్లెల్లన్ మా సముద్రపొడ్డు ఊరు ఇన్వర్నెస్‌లో చేపల ఫ్యాక్టరీ మూతపడేదాకా కాడ్ చేపలు కోసింది. ఆ తర్వాత మగ్గం ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు. ఊళ్ళో పెళ్ళంటే ఆమె నేసిన దుప్పటి ఉండాల్సిందే. నేను కాలేజీ మానేసి వచ్చినప్పుడు ఊరంతా నాకు బుద్ధులు చెప్పింది. ఆమె మాత్రం ఓట్స్ బిస్కెట్లు పెట్టి, దారం చుట్టమంది. అందుకే ఆమె పనంటే నేను కాదనను.

ఆమె మగ్గానికి కంప్యూటరు ఉంది. పెడల్ ఒకసారి తొక్కితే ఏ పడుగు పోగులు లేవాలో ప్రోగ్రాము చెబుతుంది. వాటి మధ్య నుంచి ఆమె దారం చుట్టిన నాడె విసురుతుంది, ఒక వరస పడుతుంది. ఆ ప్రోగ్రాము విండోస్ కోసం రాసింది. రాసిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. మొన్న మే నెలలో, మగ్గం మీద దుప్పటి సగంలో ఉండగా పాత కంప్యూటరు చచ్చింది. పన్నెండు రోజుల్లో ఆమె మేనకోడలు మోర్వెన్ పెళ్ళి. మిగతా సగం మొదటి సగంతో కలవకపోతే ఆ పిల్లకి దుప్పటి లేనట్టే.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. విండోస్ ప్రోగ్రాములను దానిమీద నడిపే మధ్యవర్తి ప్రోగ్రాము ఒకటుంది. అచ్చం విండోస్‌లా జవాబిస్తూ, పాత ప్రోగ్రాముకి సొంతింట్లోనే ఉన్నానన్న నమ్మకం కలిగిస్తుంది. నేనూ అప్పుడప్పుడు దానికి నాలుగు లైన్ల కోడు రాసి పంపుతుంటాను. రెండు రోజులు తంటాలు పడ్డాక మగ్గం కదిలింది, పాతదానికంటే చురుగ్గా. కాలరెగరేసుకుంటూ ఇంటికెళ్ళాను.

మర్నాడే కబురొచ్చింది. కొత్త ముక్కలో ప్రతి జానెడుకీ ఒక వరస మాయం. గళ్ళు కుంటుతున్నాయి. అంతా తిరగేసి చూశాను, నా వైపు ఏమీ దొరకలేదు.

"పెద్దమ్మా, ఇది సరిగ్గానే ఉంది. తప్పు నీ దగ్గరే," అన్నాను.

"ఒరే లాకీ, నువ్వు పుట్టకముందు నుంచి నేస్తున్నా. నోరు మూసుకుని టీ తాగు."

టీ తాగుతూ ఆమె కాలు చూశాను. ప్రతి అరవైనాలుగో వరస దగ్గర కుడికాలు టకటకా రెండుసార్లు తొక్కుతోంది. చెబితే ఒప్పుకోలేదు. వీడియో తీసి చూపిస్తే తన కాలిని తానే చూసుకుని పడీ పడీ నవ్వింది. పాత కంప్యూటరు అక్కడికొచ్చేసరికి కాసేపు ఆగిపోయేదట, మొదటి తొక్కు దానికి చేరేది కాదట. ఇన్నేళ్ళలో కాలు ఆమెకి చెప్పకుండానే రెండోది నేర్చేసుకుంది. ఇప్పుడు మగ్గం ఆగట్లేదు, కాలు మానట్లేదు, రెండో తొక్కుకి ఒక వరస ఎగిరిపోతోంది.

ఒక్కసారే తొక్కమన్నాను. వరసలు లెక్కపెడుతూ నేస్తే చెయ్యి తడబడింది, నేస్తూ ఎప్పుడూ తీసే కూనిరాగం ఆగిపోయింది. మూడు రోజులు నేసింది, విప్పింది, మళ్ళీ నేసింది.

"కాలుతో పోట్లాడలేనురా. ఆ పాత జబ్బేదో దీనికీ అంటించు," అంది చివరికి.

నాకు మనసొప్పలేదు. బాగున్నదాన్ని చేజేతులా పాడుచెయ్యడమేమిటని గొణిగాను.

"బాగున్నది నీకు. దుప్పటి నాది."

అంటించాను. ఎంతసేపు ఆగాలో ఏ కాగితంలోనూ లేదు, ఆమె కాలికే తెలుసు. తొక్కుతూ ఇంకొంచెం అంది, ఎక్కువైందంది, మళ్ళీ తగ్గించమంది. ఒకచోటికి వచ్చేసరికి పాట అందుకుంది. నేను ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చేశాను. పెళ్ళికి ముందురోజు దుప్పటి మగ్గం దిగింది. రెండు సగాలు ఎక్కడ కలిశాయో నేనూ పట్టుకోలేకపోయాను.

ఈ మార్పుని ఆ మధ్యవర్తి ప్రోగ్రాము చూసుకునేవాళ్ళకి పంపాను. కావాలనుకున్నవాళ్ళే పెట్టుకోవచ్చని రాశాను. వాళ్ళలో విన్నిపెగ్ ఆయనొకడు, నెమ్మదించమని అడిగేవాళ్ళు ఉంటారా, రుజువేదని తిరిగి రాశాడు. ఎఫీ పెద్దమ్మ ఆ ఆగడం తీసేసి కుంటి ముక్కొకటి, ఉంచి మంచి ముక్కొకటి నేసి, కవర్లో పెట్టి పోస్టు చేసింది. మూడు వారాలకి మార్పు తీసుకున్నట్టు జవాబొచ్చింది. రెండు ముక్కలూ తన బల్ల మీదే ఉన్నాయట, మంచిది ఎంత మెత్తగా ఉందోనట.

చదివి వినిపించాను. ఆమె నాడె ఆపలేదు.

"ఆయనకి పెళ్ళయిందేమో కనుక్కోరా. పాపం, ముక్కతోనే సరిపెట్టుకుంటున్నాడు."